రాగి పొరల్లో చారలు: సూపర్‌కండక్టర్లలో ఎలక్ట్రాన్లు ఎందుకు వరస కడతాయి?

క్లుప్తంగా

కరెంటుకు ఏమాత్రం అడ్డు చెప్పని పదార్థాలు సూపర్‌కండక్టర్లు. వాటిలో రాగి, ఆక్సిజన్ పొరలున్న హై టెంపరేచర్ రకంలో ఎలక్ట్రాన్లు ఒక్కోసారి సమంగా పరుచుకోకుండా చారలు చారలుగా సర్దుకుంటాయి. దీన్నే ఛార్జ్ ఆర్డర్ అంటారు. ఎలక్ట్రాన్ల మధ్య ఉన్న బలమైన వికర్షణే దీనికి మొదటి కారణమని, చారల మధ్య దూరాన్నీ దిశనూ మాత్రం స్ఫటికం, డోపింగ్ (వేరే పరమాణువులు కలిపి ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చడం) కలిసి తేలుస్తాయని ఇప్పటిదాకా వచ్చిన ఆధారాల మొగ్గు. సూపర్‌కండక్టివిటీకి ఇది అడ్డుపడుతుంది. అయితే రెండూ పుట్టేది ఒకే ఎలక్ట్రాన్లలోంచి కాబట్టి 'శత్రువు' అనే మాట పూర్తిగా సరిపోదు.

రెండు వార్తలు, ఒక గందరగోళం

అమరావతిలో 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటం కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటన వచ్చినప్పటి నుంచి విజయవాడ, గుంటూరు పేపర్లలో సూపర్‌కండక్టర్ అనే మాట మళ్లీ మళ్లీ కనబడుతోంది. అంతకు రెండేళ్ల ముందు, 2023 జులై, ఆగస్టుల్లో, దక్షిణ కొరియాలో తయారైన ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గది వేడిలోనే సూపర్‌కండక్టర్ అయిందన్న వార్త వాట్సాప్ గ్రూపుల నిండా తిరిగింది. కొద్ది వారాలకే అది నిలవలేదు. అందులో మలినంగా కలిసిన కాపర్ సల్ఫైడ్ 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర తన నిర్మాణం మార్చుకుంటుంది. ఆ మార్పుతో విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోవడాన్ని చూసి సూపర్‌కండక్టివిటీ అనుకున్నారు.

ఈ రెండు వార్తలూ కలిసి చదివేవాళ్లకు విషయం కలగాపులగం అయిపోయింది. క్వాంటం చిప్‌లో వాడేది అల్యూమినియం, నయోబియం లాంటి పాతకాలపు సూపర్‌కండక్టర్లు. వాటిని పరమశూన్యానికి, అంటే మైనస్ 273 డిగ్రీలకు, డిగ్రీలో నూరో వంతు తేడా దాకా చల్లబరచాలి. అవి ఎలా పనిచేస్తాయో 1957 నుంచీ తెలుసు. తెలియనిది వేరే జాతి. దాన్ని కనిపెట్టింది కూడా ఐబీఎం సంస్థే కావడం ఒక విచిత్రం. 1986లో ఆ సంస్థ జ్యూరిక్ ల్యాబ్‌లో బెడ్నార్జ్, మ్యూలర్ అనే ఇద్దరు లాంథనమ్, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిపిన ఒక నల్లటి పింగాణీ లాంటి పదార్థంలో 35 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 238 డిగ్రీల దగ్గర, సూపర్‌కండక్టివిటీ జాడ చూశారు. మరుసటి ఏడాదే వాళ్లకు నోబెల్ వచ్చింది. ఛార్జ్ ఆర్డర్ కథ ఈ నల్ల పదార్థంలోనే మొదలవుతుంది.

మైనస్ 196 అనే గీత

సూపర్‌కండక్టర్ అంటే కరెంటుకు ఏమాత్రం అడ్డు చెప్పని పదార్థం. 1911లో పాదరసంలో దీన్ని మొదట గమనించినప్పుడు ఉష్ణోగ్రత 4.2 కెల్విన్. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎమ్మారై తీయించుకున్న ప్రతివారూ ఆ స్థాయి చలి పక్కనే పడుకుని వచ్చారు. ఆ యంత్రం గుండ్రటి గోడ లోపల నయోబియం-టైటానియం తీగ చుట్ట ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. హీలియం ఖరీదెక్కువ, దాన్ని కాపాడుకోవడం ఒక ప్రత్యేకమైన టెన్షన్.

ద్రవ నైట్రోజన్ సంగతి అలా కాదు. పల్లెటూళ్లలోని పశువుల ఆసుపత్రుల్లో కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాలను దాచేది అందులోనే. మూత తీయగానే తెల్లటి పొగ కిందికి జారే ఆ అల్యూమినియం క్యాన్ రైతులకు చూసి చూసి అలవాటే. దాని లోపలి చలి 77 కెల్విన్, అంటే మైనస్ 196 డిగ్రీలు. 1987లో ఇట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్‌తో చేసిన ఇంకో పదార్థం 93 కెల్విన్ దగ్గరే సూపర్‌కండక్టర్ అయింది. అంటే హీలియం అవసరం లేకుండా, పశువుల ఆసుపత్రి క్యాన్‌లోని ద్రవంతోనే పని జరిగిపోతుంది. 1993లో పాదరసం కలిసిన ఇదే జాతి పదార్థాలు 130 కెల్విన్ దాటాయి. సాధారణ వాతావరణ పీడనంలో చాలా ఏళ్లపాటు వాటిని మించినవి రాలేదు.

ఈ జాతికి క్యుప్రేట్లని పేరు. పేర్లు, దినుసులు మారినా అన్నింటిలోనూ ఉమ్మడిగా ఉండేది ఒకటే: రాగి, ఆక్సిజన్ పరమాణువులు చదరంగం గడుల్లా పరుచుకున్న పలచటి పొర. మిగతావన్నీ ఆ పొరలకు మధ్య మెత్తలు. పాత సూపర్‌కండక్టర్లలో స్ఫటికం కంపనాలు ఎలక్ట్రాన్లను జోడీలుగా కలుపుతాయి, అడ్డు లేకుండా కరెంటు మోసేది ఆ జోడీలే. ఆ లెక్క ఇక్కడ సరిపోలేదు. 1986 నుంచీ ఈ పొరల్లో జోడీలు ఎలా కడుతున్నాయన్న వాదన తెగలేదు. ఆ వాదన మధ్యలోకి పిలవని పేరంటంలా వచ్చి కూర్చున్నదే ఛార్జ్ ఆర్డర్.

ఇక్కడ ఆవేశమంటే కోపం కాదు

తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఛార్జ్‌ని ఆవేశం అంటారు. ఆ లెక్కన ఛార్జ్ ఆర్డర్ 'ఆవేశ క్రమం' కావాలి. ఆవేశం, క్రమం ఒకే మాటలో ఇమిడితే వినేవాళ్లకు నవ్వొస్తుంది కాబట్టి ఇంగ్లిష్ మాటే నయం.

ఇంట్లో వైరింగ్‌కి వాడే రాగి తీగలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు అన్ని పరమాణువుల మీదా సమంగా పరుచుకుని ఉంటాయి. కొన్ని పదార్థాలను చల్లబరిస్తే ఈ సమానత్వం పోతుంది. కొన్ని వరసల్లో ఎలక్ట్రాన్లు కాస్త ఎక్కువ, కొన్ని వరసల్లో కాస్త తక్కువ. ఆ ఎక్కువతక్కువలు ఒక పద్ధతిలో తిరిగి తిరిగి వస్తాయి. అదే ఛార్జ్ ఆర్డర్.

ఇది క్యుప్రేట్ల సొంతమేమీ కాదు. అయస్కాంత ఇనుప ఖనిజం మాగ్నటైట్ 120 కెల్విన్ దగ్గర హఠాత్తుగా కరెంటును అడ్డుకోవడం చూసి, ఎలక్ట్రాన్లు వరస కట్టడం వల్లే ఇలా అవుతోందని వెర్వే 1939లోనే అన్నాడు. మాంగనీస్ ఆక్సైడ్లలో ఛార్జ్ ఆర్డర్ మీద బెంగళూరులో సి.ఎన్.ఆర్. రావు బృందం చేసిన పని అంతర్జాతీయంగా పేరున్నది. నయోబియం సెలినైడ్‌లో 33 కెల్విన్ దగ్గర ఛార్జ్ అలలు మొదలవుతాయి. 7 కెల్విన్ దగ్గర అదే పదార్థం, ఆ అలలు అలాగే ఉండగా, సూపర్‌కండక్టర్ అవుతుంది. కాబట్టి ఛార్జ్ ఆర్డర్ అన్నది కొత్త వింత కాదు. క్యుప్రేట్లలో అది ఎందుకు పుడుతోందన్నదే ముడి.

టిక్కీల మధ్య దారి

సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డు ప్లాట్‌ఫామ్ ఒకటి ఊహించుకుంటే ఈ ముడి సగం విడుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఖాళీ లేకుండా నిలబెట్టి ఉన్నాయి. టిక్కీ మీద టిక్కీ ఎక్కించకూడదు. అప్పుడు ఏ ఒక్కదాన్నీ పక్కకు జరపలేం.

డోపింగ్ చేయని క్యుప్రేట్ సరిగ్గా ఇలాగే ఉంటుంది. ప్రతి రాగి పరమాణువు దగ్గరా జంట కుదరని ఎలక్ట్రాన్ ఒకటి. ఒకే రాగి మీద రెండు చేరితే వాటి మధ్య వికర్షణ విపరీతం. కాబట్టి ఎక్కడివక్కడే ఉండిపోతాయి. మామూలు లెక్క ప్రకారం ఇది లోహం కావాలి. కానీ కరెంటు పారదు. దీన్ని మాట్ ఇన్సులేటర్ అంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి ఎలక్ట్రాన్‌కీ స్పిన్ అనే చిన్న అయస్కాంత గుణం ఉంటుంది. ఇక్కడ పక్కపక్క రాగుల మీది స్పిన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి తిరిగి ఉంటాయి. ఒక టిక్కీ మూతి పైకి, పక్కదాని మూతి కిందికి పెట్టినట్టు. లాంథనమ్ క్యుప్రేట్‌లో ఈ వరస దాదాపు 325 కెల్విన్ వరకు, అంటే 52 డిగ్రీల దాకా చెదరదు. విజయవాడ మే నెల ఎండలు కూడా దాన్ని కదిలించలేవన్నమాట.

ఇప్పుడు లాంథనమ్ పరమాణువుల్లో కొన్నింటి స్థానంలో బేరియమో స్ట్రాన్షియమో పెడితే రాగి పొరలోంచి కొన్ని ఎలక్ట్రాన్లు బయటికి పోతాయి. అక్కడక్కడ టిక్కీ తీసేసిన ఖాళీలు ఏర్పడతాయి. ఇదే డోపింగ్. ఈ ఖాళీల వల్లే కరెంటు పారుతుంది, తగినన్ని ఉంటే సూపర్‌కండక్టివిటీ వస్తుంది. ప్రతి వంద రాగులకు సుమారు 16 ఖాళీలు ఉన్నప్పుడు అది పతాక స్థాయిలో ఉంటుంది.

కానీ ఒంటరి ఖాళీ తిరగడం అంత తేలిక కాదు. ఖాళీ ఒక గడి జరిగిందంటే పక్క టిక్కీ ఆ చోటులోకి వచ్చిందని అర్థం. మూతి పైకి ఉన్న టిక్కీ, మూతి కిందికి ఉండాల్సిన చోట పడుతుంది. ఖాళీ ఎంత దూరం తిరిగితే అంత పొడవునా పైకీ కిందికీ ఉన్న వరస చెడిపోతుంది. దానికి శక్తి ఖర్చు. అదే ఖాళీలన్నీ ఒక వరసలో చేరి దారిలా ఏర్పడితే ఇటు పక్క వరస, అటు పక్క వరస రెండూ చెదరకుండా ఉంటాయి, దారి పొడవునా కదలికా ఉంటుంది. దారికి ఇటు అటు ఉన్న వరసలు ఒకదానికొకటి తిరగేసినట్టు ఉంటే ఖాళీ పక్కకు ఒక అడుగు వేసినా పెద్దగా నష్టం లేదు.

మరి ఖాళీలన్నీ ఒకే మూలకు పోగవవచ్చు కదా? అక్కడ ఇంకో అడ్డంకి ఎదురవుతుంది. ఖాళీలన్నీ ధనావేశాలే. ఒకచోట గుంపుగా చేరితే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎమరీ, కివెల్‌సన్ అనే శాస్త్రవేత్తలు 1993లో ఈ పెనుగులాటను సిద్ధాంతంగా పెట్టారు. స్పిన్ వరస ఖాళీలను ఒకచోటికి నెడుతుంది, వికర్షణ వాటిని విడదీస్తుంది. రెంటికీ రాజీ కుదిరేది సమాన దూరాల్లో సన్నటి దారులు వేసుకున్నప్పుడే. ఈ దారులనే స్ట్రైప్స్, అంటే చారలు అంటున్నారు. ఇలాంటి చారలు ఉండొచ్చని జానెన్, గున్నార్సన్ 1989లోనే లెక్క కట్టారు. అప్పటికి ఏ ప్రయోగంలోనూ అవి కంటపడలేదు.

టిక్కీల పోలిక ఇంతవరకే పనికొస్తుంది. ఎలక్ట్రాన్లు అలలు కూడా. వాటి దారులు సున్నం గీసినట్టు స్థిరంగా ఉండవు, ఊగుతాయి, వంపులు తిరుగుతాయి, చాలాసార్లు కనబడి మాయమవుతాయి.

ఎనిమిదో వంతు దగ్గర గొయ్యి

మొదటి అనుమానం 1988లో వచ్చింది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో లాంథనమ్-బేరియం క్యుప్రేట్‌లో బేరియం పాళ్లు మెల్లగా పెంచుతూ సూపర్‌కండక్టివిటీ ఏ ఉష్ణోగ్రతలో మొదలవుతోందో కొలిచారు. గ్రాఫ్ ఒక గోపురంలా రావాలి. ఎనిమిది రాగులకు ఒక ఖాళీ అన్న చోట మాత్రం అది గొయ్యిలా దిగబడింది. దానికి ఇటూ అటూ పాతిక కెల్విన్లకు పైగా ఉన్నది అక్కడ నాలుగైదుకు పడిపోయింది. చూడటానికి రెండు మూపురాల ఒంటెలా ఉన్న ఆ గ్రాఫ్‌ను మొదట్లో నమూనా లోపమనుకున్నవాళ్లూ ఉన్నారు.

1995లో అదే ల్యాబ్‌లో ట్రాంక్వాడా బృందం కాస్త నియోడిమియం కలిపిన లాంథనమ్-స్ట్రాన్షియం క్యుప్రేట్ మీదికి న్యూట్రాన్లను వదిలింది. న్యూట్రాన్‌కి ఆవేశం లేదు కానీ అయస్కాంత గుణం ఉంది. స్పిన్ల వరసను అది నేరుగా పసిగడుతుంది. ఛార్జ్ వరసను మాత్రం పరమాణువులు కాస్త పక్కకు ఒరిగిన గుర్తుల బట్టి పట్టుకుంటుంది. ఫలితం చాలా శుభ్రంగా వచ్చింది. ప్రతి నాలుగు రాగి వరసలకూ ఒక ఛార్జ్ చార. స్పిన్ వరస తిరిగి మొదటికొచ్చేది ఎనిమిది వరసలకు. చార దాటిన ప్రతిసారీ పైకి ఉన్నది కిందికి తిరగబడుతుంది కాబట్టి స్పిన్ చక్రం రెట్టింపు పొడవు.

ఇక్కడి లెక్క చిన్నదే గానీ చేసి చూడదగ్గది. ఎనిమిది రాగులకు ఒక ఖాళీ ఉంది. చారలు నాలుగు వరసలకొకటి. అంటే చార పొడవునా రెండు రాగులకు ఒక ఖాళీ పడుతుంది. చార సగం నిండిన దారి. జానెన్, గున్నార్సన్ ఊహించింది పూర్తిగా నిండిన దారిని, రాగికొక ఖాళీ చొప్పున. పూర్తిగా నిండిన దారిలో కరెంటు పారదు, సగం నిండినదాంట్లో పారుతుంది. చారలున్న పదార్థం ఇన్సులేటర్ కాకుండా ఎలా ఉందన్న ప్రశ్నకు జవాబు ఈ సగంలో ఉంది.

ఈ కొలతలన్నీ ఎంత చిన్నవంటే, రాగికీ రాగికీ మధ్య దూరం సుమారు 3.8 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ మీటరులో వెయ్యి కోట్ల వంతు. నాలుగు వరసలు కలిపినా నానోమీటరున్నర.

అసలు చారలు అక్కడే ఎందుకు నిలబడ్డాయి? ఈ కుటుంబంలో ఒక ప్రత్యేకత ఉంది. చల్లబడినప్పుడు స్ఫటికంలో రాగి చుట్టూ ఉండే ఆక్సిజన్ గూళ్లు ఒక పక్కకు వాలి, పొరలో నిలువుకూ అడ్డానికీ తేడా తెచ్చిపెడతాయి. ఊగుతూ తిరిగే చారలకు ఆ వాలు గూటంలా పనిచేసి కట్టేస్తుంది. కట్టేసేది స్ఫటికమైతే పుట్టించేది కూడా అదేనా? 2010లో బేరియం నమూనాను అధిక పీడనంలో నొక్కి ఆ వాలును పోగొట్టి చూశారు. చారలు అయినా మిగిలాయి.

గళ్లా, చారలా?

చాలాకాలం ఇది లాంథనమ్ కుటుంబం గొడవేనని మిగతావాళ్లు పక్కన పెట్టారు. ఆ నమ్మకాన్ని మొదట కదిపింది టన్నెలింగ్ మైక్రోస్కోప్. ఒకే పరమాణువంత సన్నటి సూది మొనతో ఉపరితలాన్ని తడుముతూ ఎక్కడ ఎలక్ట్రాన్లు ఎక్కువున్నాయో పటం గీసే పరికరం అది. 2002లో బిస్మత్ క్యుప్రేట్‌లో అయస్కాంత క్షేత్రం చొచ్చుకుపోయిన సుడుల చుట్టూ, 2004లో సోడియం కలిపిన ఒక కాల్షియం క్యుప్రేట్ నిండా, నాలుగు గడుల కొలతతో గళ్ల నమూనా కనబడింది.

దాంతో కొత్త తగువు మొదలైంది. ఇవి మంగళగిరి చీర గళ్లలా నిజంగానే నిలువు అడ్డం కలిసిన గళ్లా, లేక కొన్ని చోట్ల నిలువు చారలు, కొన్ని చోట్ల అడ్డ చారలు కలగలిసి దూరం నుంచి గళ్లలా కనబడుతున్నాయా? స్ఫటికంలో మలినాలు ఎక్కువున్నప్పుడు చారల ముక్కలు ఎటుపడితే అటు చిక్కుకుంటాయి, రెండింటినీ విడదీసి చెప్పడం చాలా కష్టం. ఇంకో సంగతి తర్వాత బయటపడింది. ఈ కుటుంబాల్లో ఛార్జ్ ఎక్కువతక్కువలు రాగి మీద కంటే ఆక్సిజన్ మీదే బాగా కనబడుతున్నాయి. అడ్డంగా ఉన్న ఆక్సిజన్ మీద పెరిగినప్పుడు నిలువుగా ఉన్న ఆక్సిజన్ మీద తగ్గుతుంది. సూపర్‌కండక్టింగ్ జోడీల ఆకారంలోనూ ఇదే ఎత్తుపల్లాల తీరు ఉండటం కాకతాళీయం అనుకోవడం కష్టం.

2012: అందరి ఇంట్లోనూ ఉన్నదే

ఇట్రియం క్యుప్రేట్ క్యుప్రేట్లన్నింటిలోకీ శుభ్రమైనది, మలినాలు తక్కువ. అందులో లేకపోతే చారలకు పెద్ద విలువ లేదని వాదించేవాళ్లకు 2007లో మొదటి దెబ్బ తగిలింది. బలమైన అయస్కాంత క్షేత్రంలో అందులోని ఎలక్ట్రాన్లు చాలా చిన్న చిన్న వలయాలు తిరుగుతున్నట్టు తేలింది. ఖాళీలతో డోపింగ్ చేసినా కరెంటు మోసేవి ఎలక్ట్రాన్లలా ప్రవర్తించాయి. పొరలో ఏదో కొత్త వరస వచ్చి ఎలక్ట్రాన్ల దారులను ముక్కలు చేస్తే తప్ప ఇలా జరగదు. 2011లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్‌తో ఆ వరస ఛార్జ్‌దేనని, స్పిన్‌ది కాదని తేల్చారు. (ఎమ్మారై వెనక ఉన్న సూత్రం కూడా ఇదే.) 2012లో ఎక్స్‌రేలతో రెండు బృందాలు దాన్ని నేరుగా చూశాయి.

అప్పుడు బయటపడ్డ తీరు ఇలా ఉంది. 150 కెల్విన్ దగ్గర ఛార్జ్ ఆర్డర్ జాడ మొదలవుతుంది. చల్లబరిచేకొద్దీ పెరుగుతుంది. సూపర్‌కండక్టివిటీ మొదలైన క్షణం నుంచి తగ్గుముఖం పడుతుంది. అప్పుడు 17 టెస్లాల అయస్కాంత క్షేత్రం పెట్టి సూపర్‌కండక్టివిటీని బలహీనపరిస్తే ఛార్జ్ ఆర్డర్ మళ్లీ పుంజుకుంటుంది. స్కానింగ్ సెంటర్లలో మామూలుగా ఉండే ఎమ్మారై అయస్కాంతం ఒకటిన్నర టెస్లా. దానికి పదకొండు రెట్లకు పైన. ఒకే నీటి వాటా మీద రెండు చేలు ఆధారపడ్డట్టు, ఒకటి పారితే ఇంకోటి ఎండుతోంది.

ఇట్రియం క్యుప్రేట్‌లో డోపింగ్ పెంచుతూ పోతే గ్రాఫ్ 60 కెల్విన్ దగ్గర కాసేపు చదునుగా సాగుతుంది. ఎందుకన్నది ఏళ్ల తరబడి ప్రశ్నగా ఉండేది. ఆ చదును కూడా ఇంచుమించు అదే ఎనిమిదో వంతు దగ్గరే, ఛార్జ్ ఆర్డర్ బలంగా ఉన్నచోటే వస్తోంది. 2014 కల్లా బిస్మత్, పాదరసం కుటుంబాల్లోనూ, 2015లో ఖాళీలకు బదులు ఎలక్ట్రాన్లను చేర్చిన నియోడిమియం క్యుప్రేట్‌లోనూ ఛార్జ్ ఆర్డర్ దొరికింది. ఇక అది ఒక ఇంటి గొడవ కాకుండా పోయింది.

మూలం ఎక్కడ?

మూలం గురించి మూడు వాదనలు ఉన్నాయి. మూడింటికీ సమాన బలం లేదు.

మొదటిది పాఠ్యపుస్తకాల్లో ఉండేది. లోహంలో ఎలక్ట్రాన్ల శక్తి పటంలో అంచుగా ఉండే గీతను ఫెర్మీ తలం అంటారు. ఆ అంచులో ఎదురెదురుగా సమాంతరంగా ఉన్న భాగాలుంటే, వాటి మధ్య దూరానికి సరిపోయే అలను వేసుకుని ఎలక్ట్రాన్లు తమ శక్తిని తగ్గించుకుంటాయి. ఒకే దిశలో గొలుసుల్లా ఉండే పదార్థాలకు ఇది చక్కగా సరిపోతుంది. క్యుప్రేట్లలో ఇది సగమే నిజమైంది. బిస్మత్ కుటుంబంలో చూస్తే ఛార్జ్ ఆర్డర్ కొలత సమాంతర భాగాలకు సరిపోలేదు. ఫెర్మీ గీత తెగిపోయి మిగిలిన విల్లు లాంటి ముక్కల కొసలకు దగ్గరగా వచ్చింది. ఆ గీతను ముందే ఇంకేదో తెంపిందన్నమాట. ఆ 'ఇంకేదో' సంగతి ఈ వాదన చెప్పదు.

రెండోది వికర్షణ వాదన, అంటే టిక్కీల కథ. దీనికున్న పెద్ద బలం 2017లో వచ్చిన కంప్యూటర్ లెక్క. గడులు, ఎలక్ట్రాన్లు, గడి నుంచి గడికి దూకడం, ఒకే గడిలో రెండు చేరితే కట్టే జరిమానా: ఇంతకు మించి ఏమీ లేని హబ్బర్డ్ నమూనాను ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు పద్ధతుల్లో లెక్కించారు. అందులో స్ఫటిక కంపనాలు లేవు, మలినాలు లేవు. అయినా ఎనిమిదో వంతు డోపింగ్ దగ్గర అన్ని పద్ధతులూ చారలే చూపించాయి. కిటుకు ఎక్కడంటే, ఆ లెక్కలో చారల మధ్య దూరం ఎనిమిది వరసల చుట్టుపక్కల వచ్చింది, ప్రయోగంలో నాలుగు. పక్క గడికే కాకుండా మూల గడికి కూడా దూకే అవకాశం ఇచ్చి 2024లో చేసిన లెక్కలో పూర్తిగా నిండని చారలు, వాటితో పాటే సూపర్‌కండక్టివిటీ రెండూ కనబడ్డాయి. చారలు కట్టే గుణం వికర్షణది. వాటి కొలత మాత్రం చిన్న చిన్న వివరాల మీద ఆధారపడుతుంది. వేర్వేరు కొలతల చారల మధ్య శక్తి తేడా అతి స్వల్పం కాబట్టి ఏ చిన్న ఒత్తిడి అయినా తూకాన్ని అటో ఇటో వాల్చేస్తుంది.

మూడోది స్ఫటిక కంపనాలది. 2006లో న్యూట్రాన్లతో, 2014లో ఎక్స్‌రేలతో చూసినప్పుడు ఛార్జ్ ఆర్డర్ కొలత దగ్గరే రాగి, ఆక్సిజన్ బంధాల కంపనాలు వింతగా మెత్తబడటమో వెడల్పవడమో కనబడింది. కంపనాలకు ఇందులో చెయ్యి ఉందన్నది కాదనలేం. అయితే నయోబియం సెలినైడ్‌లో అల పుట్టే ముందు కంపనం శక్తి సున్నా దాకా జారిపోతుంది. క్యుప్రేట్లలో అంత జారుడు కనబడదు. తోడుబోయినవాడిని పెళ్లికొడుకు అనడానికి ఈ సాక్ష్యం చాలదు.

ఈ వాదనలన్నింటినీ ఇరకాటంలో పెట్టే కొలత ఇంకొకటి ఉంది. లాంథనమ్ కుటుంబంలో డోపింగ్ పెంచితే చారలు దగ్గరవుతాయి, ఎనిమిదో వంతు దాకా. ఖాళీలు పెరిగితే దారులు పెరగాలి కాబట్టి ఇది టిక్కీల లెక్క. ఇట్రియం, బిస్మత్ కుటుంబాల్లో దీనికి తలకిందులు: డోపింగ్ పెరిగేకొద్దీ చారల మధ్య దూరం పెరుగుతుంది. ఫెర్మీ తలం కొలత ఎటు మారుతుందో అటే. ఇట్రియంలో దూరం నాలుగు వరసలు కూడా కాదు, మూడు వరసలకు కాస్త పైన. పైగా అక్కడ స్పిన్ల వరస ఛార్జ్ వరసతో కలిసి నడవదు.

రెండు వేరే జబ్బులకు ఒకే పేరు పెట్టామా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 2017లో లాంథనమ్-బేరియం నమూనాను చారలు స్థిరపడే ఉష్ణోగ్రత కంటే పైన ఉంచి చూస్తే జవాబు సగం దొరికింది. వేడిలో అందులోని ఛార్జ్ అలల కొలత ఇట్రియం కుటుంబం వైపు జరిగింది. స్పిన్‌తో ముడి పడలేదు. చల్లబడ్డాకే స్పిన్ వరస వచ్చి ఛార్జ్‌ని తన కొలతకు లాక్కుంది. అంటే మొదట పుట్టే అల అన్ని కుటుంబాల్లోనూ ఒకలాంటిదే. తర్వాత ఎవరి ఇంటి పద్ధతికి వాళ్లు దాన్ని కుట్టించుకుంటున్నారు. ఈ వ్యాసంలో మొగ్గు వికర్షణ వైపు ఉండటానికి హబ్బర్డ్ లెక్కతో పాటు ఈ ఫలితం కూడా కారణం.

2019లో ఇట్రియం కుటుంబంలోనే ఇంకో అడుగు పడింది. స్థిరమైన చారలు లేని చోట, దాదాపు గది ఉష్ణోగ్రత దాకా, డోపింగ్ పటంలో చాలా విశాలంగా, పొట్టిపొట్టి ఛార్జ్ కదలికలు కనబడ్డాయి. మనం ఇన్నాళ్లూ ఛార్జ్ ఆర్డర్ అని పిలిచింది ఆ కదలికల సముద్రంలో గడ్డకట్టిన చిన్న ముక్క మాత్రమే కావచ్చు.

పోటీయా, చుట్టరికమా?

తిరిగి ఎనిమిదో వంతు గొయ్యి దగ్గరికి. అక్కడ సూపర్‌కండక్టివిటీ నాలుగైదు కెల్విన్లకు పడిపోయిందంటే జోడీలు కట్టడం ఆగిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. 2007లో ఆ నమూనాలో పొర వెంబడి ఒకసారి, పొరలకు అడ్డంగా ఒకసారి విడివిడిగా నిరోధం కొలిచారు. పొర లోపల జోడీలు 40 కెల్విన్ దగ్గరే కట్టేస్తున్నాయి! గొయ్యికి ఇటూ అటూ ఉన్న పదార్థాల కంటే కూడా ముందే. చెడింది పొరకూ పొరకూ మధ్య సంబంధం. ఒక పొరలో చారలు నిలువుగా ఉంటే పై పొరలో అడ్డంగా ఉంటాయి. జోడీల తరంగం కూడా చారలతో పాటే ఒకసారి కూడికగా, ఒకసారి తీసివేతగా మారుతుంటే, నిలువు పొరకూ అడ్డ పొరకూ మధ్య లెక్కలన్నీ కొట్టుకుపోయి సున్నా అవుతాయి. కరెంటు పొర దాటలేదు. దీనికి పెయిర్ డెన్సిటీ వేవ్ అని పేరు పెట్టారు. ఈ వివరణ నిలిస్తే చారలు జోడీలకు విరోధులు కావు, జోడీలను తమ వరసలో నడిపిస్తున్నాయి.

ఇట్రియంలో మాత్రం పోటీ స్పష్టం. ఒకటి పెరిగితే రెండోది తగ్గడం అక్కడ కొలతల్లోనే ఉంది. రెండు కుటుంబాల ప్రవర్తనా ఒకేసారి నిజం కావడంలో వైరుధ్యమేమీ లేదు. ఉన్న ఎలక్ట్రాన్లు కొన్నే, వాటి ముందున్న దారులు రెండు మూడు, ఒక్కోదాని ఖర్చులో తేడా చాలా తక్కువ.

నొక్కితే ఏమవుతుంది?

దీని ప్రభావం ప్రస్తుతానికి ల్యాబుల వరకే. ఇప్పుడు అమ్మకంలో ఉన్న హై టెంపరేచర్ సూపర్‌కండక్టర్ టేపులు, ఫ్యూజన్ యంత్రాల అయస్కాంతాలకు వాడేవి, ఎక్కువగా ఇట్రియం జాతివే. వాటిని డోపింగ్ పతాక స్థాయి చుట్టుపక్కల ఉండేలా తయారుచేస్తారు, అక్కడ చారల బెడద తక్కువ. అమరావతిలో పెడతామన్న యంత్రానికి దీంతో నేరుగా సంబంధం లేదు. ఒకవేళ క్యుప్రేట్లలో సూపర్‌కండక్టివిటీని ఇంకా పైకి నెట్టాలంటే, అదే ఎలక్ట్రాన్లను చారలు ఎక్కడ ఎత్తుకుపోతున్నాయో తెలియాలి. ఆ దారిలో ఎక్కువ ఆశ పుట్టిస్తున్నది అయస్కాంతాలు, లేజర్ల కంటే చాలా మోటుగా ఉండే ఒక పద్ధతి. స్ఫటికాన్ని ఒక పక్క నుంచి పట్టుకుని నొక్కడం.

2018లో ఇట్రియం క్యుప్రేట్‌ను ఒక దిశలో సుమారు ఒక శాతం నొక్కితే, బలమైన అయస్కాంత క్షేత్రంలో మాత్రమే కనబడే పొడవాటి ఛార్జ్ ఆర్డర్ ఏ క్షేత్రమూ లేకుండానే వచ్చేసింది, సూపర్‌కండక్టివిటీ వెనక్కు తగ్గింది. 2020లో లాంథనమ్-బేరియం నమూనాను, ఎనిమిదో వంతుకు కాస్త తక్కువ డోపింగ్ ఉన్నదాన్ని, 0.1 గిగాపాస్కల్ ఒత్తిడితో నొక్కారు. ఇది గాలి పీడనానికి వెయ్యి రెట్లు, ఇలాంటి ప్రయోగాల్లో ఇది చాలా తక్కువ కిందే లెక్క. అక్కడ చారల అయస్కాంత వరస బలహీనపడింది, పొరలన్నీ కలిసి సూపర్‌కండక్టర్ అయ్యే ఉష్ణోగ్రత 10 కెల్విన్ దగ్గర నుంచి 32కు ఎగబాకింది. దినుసుల్లో ఒక్క పరమాణువు కూడా మార్చలేదు.